తెరవెనుక బాధ్యులు ఎవరు? రంగస్థల బాలల రక్షణ నిబంధనల నేపథ్యం

పిల్లల నాటికల పోటీలు, వేసవి రంగస్థల శిబిరాలు మొదలైన ప్రతిసారీ ఒక వివాదం మళ్లీ రాజుకుంటుంది. పద్నాలుగేళ్ల లోపు బాలబాలికలను వేదిక ఎక్కించే నాటక సమాజాలు కలెక్టరు అనుమతి తీసుకోవాలా, వారిని కనిపెట్టుకుని ఉండేందుకు తెరవెనుక బాధ్యులను నియమించాలా అన్నదే ఆ వివాదం. 1986 నాటి బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం పుట్టుపూర్వోత్తరాలు పాఠకులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోనవసరం లేదు. నేటి గందరగోళమంతా ఆ చట్టానికి 2016లో జరిగిన సవరణలోను, దాని అమలుకు 2017 జూన్‌లో వెలువడిన నిబంధనల్లోను ఉంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని 2016 సవరణ తేల్చి చెప్పింది. అయితే రెండు మినహాయింపులిచ్చింది. బడి వేళలు ముగిశాక గాని, సెలవుల్లో గాని ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడటం మొదటిది. సినిమాలు, ప్రకటనలు, టీవీ సీరియళ్లు, అటువంటి ఇతర వినోద కార్యక్రమాల్లో కళాకారులుగా పాల్గొనడం రెండోది. సర్కసును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయింపు నుంచి తొలగించారు. దాని వెనుక 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. సర్కస్ గుడారాల్లో పిల్లలు పడుతున్న బాధలపై బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన పిటిషన్‌ను విచారించిన న్యాయస్థానం, అక్కడ పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇవ్వాలని కేంద్రాన్ని ఆదేశించింది. అంటే ప్రత్యక్ష ప్రదర్శనల్లో ఒకదాని గురించి న్యాయస్థానం లోతుగా ఆలోచించింది, శాసనకర్తలు దాన్ని పట్టించుకున్నారు. నాటకం గురించి మాత్రం అంత ఆలోచన సాగలేదు.

2017 నిబంధనలు చదివితే ఆ లోటు స్పష్టంగా కనబడుతుంది. పిల్లల చేత రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. వరుసగా 27 రోజులు దాటరాదు. ఆదాయంలో కనీసం 20 శాతాన్ని పిల్లల పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఐదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యులను నియమించాలి. దృశ్య శ్రవణ నిర్మాణమైనా, వాణిజ్య కార్యక్రమమైనా ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అంటే కలెక్టరు అనుమతి పొందాలి. ఇవన్నీ మంచి నియమాలే. కానీ పిల్లలకు హాని కలగకుండా జాగ్రత్తలు తీసుకున్నామని తెరపై వేయవలసిన ప్రకటన మొదలుకొని అనుమతించిన కార్యక్రమాల జాబితా వరకు అంతా కెమెరాను దృష్టిలో పెట్టుకుని రాసినదే. డ్రామా సీరియళ్లు, రియాలిటీ షోలు ఆ జాబితాలో ఉన్నాయి, రంగస్థల నాటకం పేరు లేదు. టికెట్టు లేని నాటక పరిషత్తు పోటీ వాణిజ్య కార్యక్రమమా కాదా అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడంతో ఎవరికి అనుకూలమైన అర్థం వారు చెప్పుకుంటున్నారు.

నాటక సమాజాల వాదనను తేలిగ్గా తీసిపారేయలేము. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయంలో పసిబిడ్డలు తల్లి ఒడిలోనే వేదిక ఎక్కుతూ వచ్చారు. అక్కడ పిల్లలకు తోడు కుటుంబమేనని, బయటివారు అవసరం లేదని ఆ సంప్రదాయాన్ని ప్రేమించేవారు అంటారు. అయితే కుటుంబ వృత్తి మినహాయింపు కింద రాత్రి 7 నుంచి ఉదయం 8 గంటల మధ్య పిల్లలు సాయపడకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. మన నాటకాలు ఎక్కువగా ఆడేది రాత్రిపూటే కాబట్టి ఆ మినహాయింపు రంగస్థలానికి దాదాపు అక్కరకు రాదు. పైగా నేడు పోటీ నాటికల్లో నటించే పిల్లల్లో చాలామంది నట కుటుంబాల వారు కారు. బడి నుంచో, శిక్షణ సంస్థ నుంచో బృందంగా వచ్చి, తమ వంతు కోసం పొద్దుపోయేదాకా ఎదురుచూస్తూ, పెద్దలు దుస్తులు మార్చుకునే గదిలోనే తామూ మార్చుకునే పిల్లలు వీరు. వారి తల్లిదండ్రులు ప్రేక్షకుల్లో ఉంటారు, లేదా వేరే ఊళ్లో ఉంటారు.

ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం చూడదగినది. పాంటోమైమ్ అనే క్రిస్మస్ కాలపు వినోద నాటకాల్లో వాడుకుంటున్న చిన్నపిల్లల గురించి అక్కడ పెద్ద చర్చ జరిగి, ఏడేళ్లు దాటిన పిల్లలకు లైసెన్సుపై అనుమతినిస్తూ 1889లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు 2015 ఫిబ్రవరి నుంచి వర్తిస్తున్నాయి. తల్లిదండ్రులు గాని, బోధకులు గాని వెంట లేనప్పుడు పిల్లల బాధ్యత చూసే వ్యక్తిని స్థానిక సంస్థే పరిశీలించి ఆమోదిస్తుంది, ఒకరి సంరక్షణలో పన్నెండు మందికి మించి ఉండరాదు. ఐదుగురికి ఒకరన్న మన లెక్క దానికంటే మెరుగైనదే. అయితే మన నిబంధన ఆ వ్యక్తి పేరు మాత్రమే అడుగుతుంది. అర్హత ఏమిటో, గత చరిత్రను ఎవరు పరిశీలించాలో చెప్పదు. నిర్మాత నియమించిన మనిషే నిర్మాతపై నిఘా ఉంచాలి. బాధ్యులన్న మాటకు విలువ లేకుండా చేస్తున్నది ఈ ఒక్క లోపమే. అనుమతి కాగితం గురించి ఇరుపక్షాలూ చేస్తున్న వాదన కంటే ఇది చాలా ముఖ్యమైనది.

వయసు సమస్య కూడా ఉంది. ఈ నియమాలు పద్నాలుగేళ్ల లోపు వారికే వర్తిస్తాయి కనుక పదిహేనేళ్ల బాలికకు తెరవెనుక బాధ్యులను పెట్టాలని అవి చెప్పవు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల వరకు వర్తిస్తుంది, నేరం జరిగినట్లు తెలిసినవారు ఫిర్యాదు చేయడం తప్పనిసరి అంటుంది. అయితే అది ప్రధానంగా నేరం జరిగాక పనికొచ్చే చట్టం. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022లో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాల్లో ప్రదర్శన కళల ప్రస్తావన వచ్చింది, పిల్లలకు వేరుగా దుస్తులు మార్చుకునే గదులు, పనిచేసే సిబ్బందికి పోలీసు తనిఖీ వంటి సూచనలూ చేరాయి. మార్గదర్శకాలకు చట్టానికి ఉన్న బలం ఉండదు. వాటిని తప్పనిసరి చేయాలంటే 2017 నిబంధనలను తెరిచి, రంగస్థలాన్ని పేరు పెట్టి చేర్చి, బాధ్యులను ఆమోదించే అధికారం జిల్లా యంత్రాంగానికి ఇవ్వాలి. అందుకు పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 1986 చట్టం కింద నిబంధనలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇప్పటికే ఉంది.