తివనాకు: రాళ్లు సరే, బోదెలు చూశారా?

బొలీవియాలోని తివనాకు శిథిలాలకు వెళ్లినవాళ్లు ఫోన్ నిండా రాళ్ల ఫొటోలు నింపుకుని వస్తారు. తప్పేం లేదు. పూమా పుంకు అనే చోట ఒక్క ఎర్ర ఇసుకరాతి పలకే 130 టన్నులు ఉంటుందని అంచనా. ఆండిసైట్ అనే గట్టి అగ్నిపర్వత రాయితో చేసిన హెచ్ ఆకారపు దిమ్మెలు అచ్చులో పోసి తీసినట్టుంటాయి, రాళ్లు పక్కకు జరక్కుండా గాడుల్లో కరిగిన కంచు పోసి బిగించారు. ఇవి గ్రహాంతరవాసులు కట్టారని వీడియోలు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ ఇసుకరాయి తవ్విన కొండ పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

నన్ను తొలిచే ప్రశ్న వేరు. క్రీ.శ. 500 నుంచి 1000 దాకా వెలిగిన ఈ ఊళ్లో 10 నుంచి 20 వేల మంది ఉండేవారంటారు, మరి వాళ్లు తిన్నదేమిటి? టిటికాకా సరస్సు పక్కన, 3,850 మీటర్ల ఎత్తు. గాలి ఎంత పలచనంటే నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. పైగా ఆ పొడి, పలచని గాలి వేడిని పట్టి ఉంచలేదు, పగలంతా మాడ్చిన ఎండ రాత్రికి ఆకాశంలోకి ఎగిరిపోతుంది, తెల్లారేసరికి పైరు మంచుకు నల్లబడుతుంది.

దానికి వాళ్లు చేసింది చూస్తే మన రైతుకు వెంటనే అర్థమవుతుంది: బోదెలు, కాలువలు. కాకపోతే ఒక్కో బోదె కొన్ని మీటర్ల వెడల్పు, మధ్యలో నీళ్లు నిలిచిన కాలువ. అక్కడి ఐమారా భాషలో వీటి పేరు సుకా కొల్లు. నీరు తొందరగా వేడెక్కదు, తొందరగా చల్లారదు. పగలు పట్టిన వేడిని రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంటే పక్కనున్న బంగాళదుంప, కీన్వా (అక్కడి ఓ గింజ పంట) మొక్కల చుట్టూ చలి ఆ మేరకు తగ్గుతుంది. కాలువ అడుగున చేరిన బురద తీసి బోదె మీద వేస్తే అదే ఎరువు, మనం వేసవిలో చెరువు పూడిక మట్టి తోలుకున్నట్టే.

1980ల్లో పురావస్తు శాస్త్రవేత్తలు అలన్ కొలాటా, ఒస్వాల్డో రివెరా స్థానిక రైతులతో కలిసి ఇలాంటి పొలాలు మళ్లీ వేయించారు. గట్టిగా మంచు కురిసిన రాత్రి మామూలు చేలు దెబ్బతింటే ఇవి చాలావరకు నిలబడ్డాయి. అలాగని పూర్వీకుల విజ్ఞానమంటూ చంకలు గుద్దుకోవద్దు, ఎందుకంటే తర్వాత చాలామంది రైతులు వాటిని వదిలేశారు: ఆ తవ్వకం, పూడిక తీత మామూలు చాకిరీ కాదు, చేసే మనుషులూ ఊళ్లో ఉండాలిగా.

నగరం సుమారు 1000 తర్వాత ఖాళీ అయింది. కరువే కారణమని కొందరు, లోపలి తగాదాలు ముందని కొందరు, వాదన ఇంకా తెగలేదు. వెళ్తే మాత్రం ఉత్తరాన కొండల అవతల కతారి లోయ వైపు కూడా ఓ చూపు వేయండి, పొద్దు వాలాక ఏటవాలు వెలుతురులో గడ్డి కింద పాత బోదెలు చారలు చారలుగా తేలతాయి.