పాత లారీ ఇంజిన్‌కి గట్టి వాల్వ్ స్ప్రింగులు: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది మూడోసారి. పాత లారీ ఇంజిన్ హెడ్ విప్పి తెచ్చి నా బెంచీ మీద పెట్టారు, పక్కనే ఓ అట్టపెట్టె, అందులో డబుల్ వాల్వ్ స్ప్రింగులు, అంటే ఒకదాని లోపల ఇంకోటి ఉండేవి. "అన్నా, ఇవి వేసెయ్, బండి కాస్త బలంగా లాగాలి" అన్నాడు తెచ్చినాయన. ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దాకా తిప్పుతావ్ అని అడిగా. ఇంజిన్ స్పీడుకి హద్దు పెట్టే గవర్నర్‌ని ముట్టుకోలేదు, 2500 దాటదు అంటాడు. మరి ఈ స్ప్రింగులెందుకయ్యా? ఎవరో చెప్పారంట. ఆ ఎవరో ఇన్నేళ్లలో ఒక్కసారీ నా కంటపడలేదు గానీ ఆయన మాట విని పాడైన క్యామ్ షాఫ్టులు మాత్రం బోలెడు చూశా.

అపోహ: గట్టి స్ప్రింగ్ వేస్తే పికప్ పెరుగుతుంది.

వాస్తవం: స్ప్రింగ్ పవర్ పుట్టించదండీ. క్యామ్ షాఫ్ట్ తిరుగుతుంటే దాని మీది ఉబ్బు, అంటే లోబ్, టాపెట్‌ని తోస్తుంది, అది పుష్ రాడ్‌ని, అది రాకర్‌ని, రాకర్ వాల్వ్‌ని తెరుస్తుంది. ఆ లోబ్ కొస దాటి దిగేటప్పుడు టాపెట్, పుష్ రాడ్, రాకర్, వాల్వ్ అన్నీ దాన్ని వదలకుండా వెంటే రావాలి, వాల్వ్ సీటు మీద కూర్చున్నాక మళ్లీ ఎగరకూడదు, అంతవరకే దాని పని. స్పీడు పెరిగి స్ప్రింగ్ అందుకోలేకపోతే వాల్వ్ తేలుతుంది, దాన్నే ఫ్లోట్ అంటాం. అసలు ఫ్లోటే లేని ఇంజిన్‌కి ఇంకా గట్టిది వేస్తే ఒరిగేదేం లేదు. ఆ అదనపు లోడంతా వెళ్లి పడేది లోబ్ కొసకి, టాపెట్ అడుక్కి మధ్య గోరంత చోట. పాత లారీ ఇంజిన్లలో ఎక్కువ వాటికి టాపెట్ అడుగున రోలర్ ఉండదు, ఇనుము మీద ఇనుము రాసుకుంటూ తిరగడమే, మధ్యలో ఉన్నది ఆయిల్ పొర ఒక్కటే.

ఈ తప్పు నేనూ చేశాను. సొంతంగా పని మొదలెట్టిన కొత్తల్లో ఓ ఆరు సిలిండర్ల పెట్రోల్ ట్రక్ ఇంజిన్‌కి, పాత క్యామ్ అలాగే ఉంచి, పైన గట్టి స్ప్రింగులు ఎక్కించి పంపా. కొన్నాళ్లకి తిరిగొచ్చింది, కార్బురేటర్‌లోంచి టప్ టప్ అని కొడుతోంది. టైమింగ్ చూశా, ప్లగ్గులు మార్చా, ఒక రోజంతా అలా పోయింది. చివరికి రాకర్ కవర్ తీసి డయల్ గేజ్ పెడితే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ మిగతావాటిలో సగం కూడా లేవట్లేదు, కాలిన గ్యాస్ పోవడానికి దారి లేక ఇన్‌టేక్ తెరుచుకోగానే వెనక్కి తంతోంది. ఆ టాపెట్ తీస్తే అడుగు గిన్నెలా గుంటపడి ఉంది. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే మెరిసే పొడి, అదే పొడి అప్పటికే బేరింగ్ షెల్స్‌లో దిగిపోయి ఉంది. హెడ్ పని కాస్తా ఫుల్ ఓవర్‌హాల్ అయింది. ఓనర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

అలా అని గట్టి స్ప్రింగ్ ఎప్పుడూ వద్దని కాదు. గవర్నర్ పెంచి తిప్పుతుంటే కావాలి. ఎగ్జాస్ట్ పైపుని మూసి బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేక్ గట్టిది పెట్టిస్తే కావాలి, ఎందుకంటే పైపులో నిలిచిన ప్రెజర్ ఎగ్జాస్ట్ వాల్వ్‌ని వెనకనుంచి నెట్టి తెరవజూస్తుంది. టర్బో బూస్ట్ బాగా పెంచినా అంతే, ఇన్‌టేక్ వాల్వ్ తల 1.6 అంగుళాలు ఉందనుకోండి, దాని వైశాల్యం సుమారు 2 చదరపు అంగుళాలు, 30 పీఎస్ఐ బూస్ట్ అంటే వాల్వ్ వీపు మీద 60 పౌండ్ల తోపుడు, స్ప్రింగ్ పట్టులోంచి ఆ 60 పౌండ్లు పోయినట్టే లెక్క.

ఇంకోటి, "స్ప్రింగులు చచ్చిపోయాయి, మార్చు" అని తెచ్చేవాళ్లలో చాలామందికి స్ప్రింగ్ బాగానే ఉంటుంది. ఓవర్‌హాల్ అయిన ప్రతిసారీ సీటు కోస్తారు, వాల్వ్ ఫేస్ గ్రైండ్ చేస్తారు, దాంతో వాల్వ్ లోపలికి దిగుతుంది, కాడ పైకి వస్తుంది, స్ప్రింగ్ కూర్చునే ఎత్తు పెరిగి పట్టు తగ్గుతుంది. దీనికి మందు షిమ్ము, అంటే స్ప్రింగ్ కింద పెట్టే పల్చటి వాషర్. అంగుళానికి 300 పౌండ్ల రేటున్న స్ప్రింగ్ కింద 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) షిమ్ము పెడితే 9 పౌండ్లు తిరిగొస్తాయి. పెట్టాక వాల్వ్ పూర్తిగా తెరిచి చుట్లు ఒకదానికొకటి తగలకుండా ఓ 60 థౌ అయినా మిగిలిందా, స్ప్రింగ్‌ని పైన పట్టి ఉంచే రిటైనర్ వచ్చి వాల్వ్ కాడ మీది ఆయిల్ సీల్‌ని గుద్దుతోందా అని చూసుకోవాలి. కొలవకుండా వేసేవాడి దగ్గరికి హెడ్ తీసుకెళ్లొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రాకర్ రేషియో, అంటే క్యామ్ ఎత్తినదాన్ని రాకర్ ఎన్ని రెట్లు చేస్తుందో అది, 1.5 నుంచి 1.6 చేస్తే 400 థౌ లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) కాస్తా 427 దాకా పోతుంది, బాగానే ఉంది, కానీ డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వ్‌కి దానికి మధ్య ఉండే సందు చాలా తక్కువ, కొలవకుండా లిఫ్ట్ పెంచితే తగిలేస్తుంది. పాత టాపెట్లు కొత్త క్యామ్ మీద వేయొద్దు, పాత క్యామ్ మీదే వేసినా ఏది ఏ లోబ్‌దో దాని మీదే వేయాలి, విప్పేటప్పుడే నంబర్లు రాసుకోండి. రోలర్ లేని కొత్త క్యామ్ వేసిన పెట్రోల్ ఇంజిన్‌ని స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో వదిలేయకూడదు, 2000 నుంచి 2500 మధ్య ఓ ఇరవై నిమిషాలు తిప్పాలి, డబుల్ స్ప్రింగులైతే అప్పటిదాకా లోపలిది తీసి ఉంచాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తోందని సీల్స్ మాత్రమే మారుస్తారు, వాల్వ్ కాడ జారే గైడ్ అరిగి వాల్వ్ ఊగుతుంటే కొత్త సీల్ ఎన్నాళ్లుంటుంది?

ఇక టాపెట్ చప్పుడు. దీని గురించి భయపడుతూ అడిగేవాళ్లంటే నాకు జాలి, వాళ్ల తప్పేం లేదు, టిక్ టిక్ వినిపిస్తే ఎవరికైనా గుండె దడే. కానీ చప్పుడు పోవాలని రాకర్‌కి, వాల్వ్ కాడకి మధ్య ఉండే గ్యాప్ బిగించేస్తారు చూడండి, అక్కడ నాకు కోపం వస్తుంది. గ్యాప్ లేని వాల్వ్ వేడెక్కాక సీటు మీద పూర్తిగా కూర్చోదు, దాని వేడి ఎక్కువగా దిగేది సీటులోకే, అది ఆగిపోతే అంచు కాలిపోతుంది, అంతా నిశ్శబ్దంగానే జరిగిపోతుంది. కమిన్స్ 5.9 పన్నెండు వాల్వుల ఇంజిన్‌కి ఇన్‌టేక్ 10 థౌ, ఎగ్జాస్ట్ 20 థౌ, చల్లగా ఉన్నప్పుడు. మీ ఇంజిన్‌కి ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది, ఫీలర్ గేజ్ పెట్టి చూడండి, గ్యాప్ సరిగ్గా ఉండి, ఏ లోబూ అరగకుండా ఉంటే ఆ చిన్న టిక్ టిక్‌తోనే నడుపుకోండి.