చెస్ ఇంజిన్లలో కాపీ కోడ్: అపోహలు, వాస్తవాలు

నల్గొండలో పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్తాను, వాళ్లు రాసిన చెస్ ఇంజిన్లను (చెస్ ఆడే ప్రోగ్రాములను) పోటీకి పంపే ముందు కూర్చుని చూస్తాను. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరి నోట ఇదే మాట: "పేర్లన్నీ మార్చేసిన సార్, ఇంక ఎవరికి తెలుస్తది?"

అపోహ: వేరియబుల్ పేర్లు మార్చి, ఫంక్షన్లు అటూ ఇటూ జరిపితే దొరకదు.

దొరుకుతుంది. మీరు కష్టపడి మార్చిన ఆ పేర్లను కంపైలర్ ఎలాగూ పారేస్తుంది, అందుకే చూసేవాళ్లు వాటి జోలికే పోరు. ఎవాల్యుయేషన్‌లో (పొజిషన్ ఎంత మంచిదో లెక్కగట్టే భాగంలో) దేనికి మార్కులిచ్చారు, దేన్ని వదిలేశారు, ఏ పావు ఏ గడిలో ఉంటే ఎంత విలువో చెప్పే పీస్-స్క్వేర్ టేబుల్ అంకెలు ఏ లెక్కలోంచి వచ్చాయి, ఇవి చూస్తారు. అన్నిటికంటే ముందు పట్టించేది పనికిరాని ముక్క. మంచి ఐడియా ఇద్దరికి రావచ్చు గానీ, అవసరం లేని అదే లైను అదే చోట ఇద్దరూ రాయడం చాలా అరుదు. మిర్యాలగూడ అబ్బాయి ఒకడి ఇంజిన్ పాండరింగ్ (ఎదుటివాడి వంతులో కూడా ఆలోచించడం) చేయదు, కానీ టైమ్ చూసే ఫంక్షన్‌లో పాండర్ ఫ్లాగ్ చెక్ ఉంది. "ఇదెందుకురా ఇక్కడ?" అంటే తల దించుకున్నాడు.

కోడ్ కాపీ చేశారంటూ రిబ్కా అనే ఇంజిన్ మీద నడిచిన గొడవలోనూ జనం ఎక్కువగా వాదించుకున్నది ఇలాంటి దాని మీదే: పూర్ణాంకాన్ని 0తో కాకుండా 0.0తో పోల్చడం. రిబ్కా సోర్స్ చేతిలో లేకపోయినా బైనరీని (కంపైలైన ప్రోగ్రామ్‌ను) విప్పి చూశారు. ఫ్రూట్, క్రాఫ్టీ అనే వేరే ఇంజిన్ల నుంచి తీసుకున్నారని తేల్చి, 2007 నుంచి 2010 దాకా గెలిచిన ప్రపంచ టైటిళ్లను 2011లో కంప్యూటర్ గేమ్‌ల అంతర్జాతీయ సంఘం ఐసీజీఏ వెనక్కి తీసుకుంది. ఆ తీర్పును ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కానీ పోయిన టైటిళ్లు పోయాయి.

అపోహ: ఓపెన్ సోర్స్ కదా, మన ఇష్టం.

జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉన్న కోడ్‌ను మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఇంకొకరికి ఇచ్చినప్పుడు సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. దీని మీదే జీపీఎల్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ వాళ్లు 2021లో చెస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ చెస్‌బేస్‌పై కోర్టుకెళ్లారు, 2022లో రాజీ కుదిరింది. పోటీ నిబంధనలు వేరు. లైసెన్స్ సరిగ్గా ఉన్నా అసలు రచయిత పేరు దాస్తే పోటీలోంచి తీసేస్తారు.

అపోహ: ఇద్దరి ఎత్తులు కలిస్తే కాపీయే.

కాదు. వేల పొజిషన్లు ఇచ్చి ఎత్తులు పోల్చే పరీక్షలున్నాయి, అవి అనుమానం దాకానే. ఆ శాతం పట్టుకుని ఒక పిల్లాడిని గ్రూపులో దొంగ అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కోడ్ తెరవకుండా ఆ మాట అనకండి.

ఇక నిజాయితీగా రాసి కూడా టెన్షన్ పడేవాళ్లుంటారు. దేవరకొండ నుంచి ఒకమ్మాయి రాత్రి పూట ఫోన్: "సార్, నా పర్ఫ్ట్ నంబర్లు స్టాక్‌ఫిష్‌తో అచ్చం కలుస్తున్నయి, కాపీ అంటరా?" కలవాలి తల్లీ! పర్ఫ్ట్ అంటే ఒక లోతు దాకా ఎన్ని ఎత్తుల వరసలు సాధ్యమో లెక్కపెట్టడమే. మొదటి పొజిషన్ నుంచి లోతు 3కి 8,902, లోతు 5కి 48,65,609 ఎవరికైనా ఇవే రావాలి, తేడా వస్తే ఎక్కడో క్యాస్లింగ్, ఆంపసాంట్ లాంటి ప్రత్యేక ఎత్తు తప్పు రాశావని అర్థం. ఆల్ఫా-బీటా, నల్ మూవ్, జోబ్రిస్ట్ హ్యాషింగ్ లాంటి పద్ధతులు దశాబ్దాలుగా అందరూ వాడుతున్నవే, ఇవి వాడినందుకు ఎవరూ ఏమీ అనరు. ఎవరి కోడ్ చదివి నేర్చుకున్నారో కోడ్‌తో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్లో రాయండి, గిట్ హిస్టరీని (కోడ్ మార్పుల రికార్డును) మొదటి రోజు నుంచి ఉంచండి. అనుమానం వస్తే మొదట అడిగేది అదే.