రెండు పావు వాట్లు కలిస్తే అర వాట్ అవుతుందా?

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా వైపు ఎలక్ట్రానిక్స్ మరమ్మతు నేర్చుకునే మన తెలుగు కుర్రాళ్లు వోల్టేజీ, కరెంటు, నిరోధాల లెక్క చెప్పే ఓమ్ సూత్రం దగ్గర సాధారణంగా తడబడరు. కరెంటుకు అడ్డుపడే రెజిస్టర్ ఎన్ని వాట్ల వేడి తట్టుకుంటుందన్న లెక్కకు వచ్చేసరికి మాత్రం చేతికందిన పావు వాట్ ముక్కనే అతికించేస్తారు. దీనికి కారణమైన అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పావు వాట్ రెజిస్టర్లు రెండు కలిపితే అర వాట్ తట్టుకుంటాయి.

వాస్తవం: రెండింటి ఓమ్‌లు, అంటే నిరోధాలు, సమానమైతేనే ఈ మాట నిజం. 100 ఓమ్‌లది, 220 ఓమ్‌లది సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కాబట్టి, కరెంటు వర్గాన్ని ఓమ్‌లతో గుణిస్తే వచ్చే వాట్లు 220 ఓమ్‌ల దానిమీదే ఎక్కువగా పడతాయి. 0.25ను 220తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 33.7 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. 100 ఓమ్‌లది ఒంటరిగా 50 మిల్లీ ఆంపియర్లు మోయగలిగినా, ఈ జతకు హద్దు 33.7 మాత్రమే. అంటే జత మొత్తానికి ఇవ్వదగిన వోల్టేజీ దాదాపు 10.8, వాట్లు 0.36. అర వాట్ ఎక్కడా లేదు.

అదే జతను ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన రెండు కొసలూ కలిసేలా, కలిపితే వోల్టేజీ రెండింటికీ ఒకటే అవుతుంది గనుక, ఈసారి ముందుగా హద్దు చేరేది 100 ఓమ్‌లది. అది 5 వోల్టుల దగ్గరే పావు వాట్‌కు చేరుకుంటుంది, రెండోదాని మీద అప్పటికి 0.11 వాట్ మాత్రమే ఉంటుంది. మొత్తం మళ్లీ 0.36 వాటే. పెద్ద ఓమ్‌లదే ఎప్పుడూ కాలుతుందని నమ్మేవాళ్లు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడాలి.

అపోహ: బ్యాటరీ మీద 12 అని ఉంటే 12తోనే లెక్క వేయాలి.

వాస్తవం: సోలార్ ప్యానెల్‌తో ఛార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ 14.4 దాకా పోతుంది. సూచిక దీపంగా పెట్టే ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. దానికి 470 ఓమ్‌ల రెజిస్టర్ పెడితే 12 వోల్టుల వద్ద 0.21 వాట్ పడుతుంది. పావు వాట్‌ది సరిపోయిందనిపిస్తుంది. 14.4 వద్ద అదే 0.33 వాట్ అవుతుంది, ఎందుకంటే వాట్లు పెరిగేది రెజిస్టర్ మీది వోల్టేజీ వర్గాన్ని బట్టి. పగలంతా ఎండలో ఛార్జ్ అవుతూ ఉండే దీపాల్లో ఈ రెజిస్టర్ నల్లబడటానికి ఇదొక్కటే చాలు. సూచిక దీపానికి అంత వెలుగు దేనికో నాకు అర్థం కాదు. 1 కిలో ఓమ్ పెడితే 14.4 వద్ద కూడా 0.16 వాట్‌కు మించదు.

అపోహ: వాట్లు సరిపోతే వోల్టేజీతో పని లేదు.

వాస్తవం: 1 మెగా ఓమ్, పావు వాట్ రెజిస్టర్‌కు లెక్క ప్రకారం 500 వోల్టులు ఇవ్వవచ్చు. కానీ ఆ పరిమాణంలోని సాధారణ కార్బన్ ఫిల్మ్ రకాలకు 250 వోల్టుల దరిదాపుల్లో విడిగా ఒక పరిమితి ఉంటుంది. 230 వోల్టుల ఇంటి కరెంటు శిఖర విలువ 325. అందుకే అక్కడ వోల్టేజీని చెరిసగం పంచుకునేలా రెండు సమాన రెజిస్టర్లను సిరీస్‌లో వేస్తారు.

అపోహ: పావు వాట్ అంటే ఎక్కడైనా పావు వాటే.

వాస్తవం: ఆ అంకె సాధారణంగా 70 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వర్తిస్తుంది. ఆపైన తగ్గుతూ 155 డిగ్రీలకు సున్నా అయ్యే రకమైతే, 90 డిగ్రీల వద్ద మిగిలేది 0.19 వాట్. మే నెలలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్‌లో, రేకుల కప్పు కింద మూసి ఉంచిన డబ్బాలో, వేడెక్కే ట్రాన్సిస్టర్ పక్కన ఉన్న రెజిస్టర్ చుట్టూ 70 దాటడం వింతేమీ కాదు. అలాంటి చోట లెక్కకు వచ్చిన వాట్లకు కనీసం రెట్టింపు తట్టుకునేది తీసుకుని, బోర్డుకు ఆనకుండా కాళ్లు కాస్త పొడవుగా వదిలి అతికించాలి.