మీ రక్తపరీక్ష కాగితం గురించి

చిరంజీవులు అమ్మలుకు, చిన్నోడికి అమ్మమ్మ ఆశీస్సులు.

అమ్మ పంపిన రిపోర్టు చూశాను. హిమోగ్లోబిన్ 10.6 అని చూసి అమ్మలు తెగ బెంగపడుతోందట. ఆ ఒక్క అంకె పట్టుకుని కూర్చోకు తల్లీ. ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నా చూపు ముందు దాని చుట్టుపక్కల అంకెల మీదే పడేది.

నీ ఎంసీవీ 61. అంటే ఎర్రకణం సగటు సైజు. పెద్దవాళ్లకు 80 నుంచి 100 ఉండాలి. కణాల సంఖ్య మాత్రం 5.6, అంటే ఒక మైక్రోలీటరు రక్తంలో 56 లక్షలు. ఐరన్ చాలకపోతే కణాలు చిన్నవవుతాయి, సంఖ్య కూడా సాధారణంగా తగ్గుతుంది. నీకు కణాలు చిన్నవే, కానీ బోలెడున్నాయి. 61ని 5.6తో భాగించు, 11కి దగ్గరగా వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే థలసీమియా మైనర్, అంటే హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన చిన్న లోపం, ఉందేమో చూడమని మెంట్జర్ అనే డాక్టరు 1973లో చెప్పిన లెక్క ఇది. దీంతో అనుమానమే తప్ప నిర్ధారణ జరగదు.

తేల్చేది హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, ఆ గ్రాఫున్న పేజీ. హిమోగ్లోబిన్ ఏ తయారవ్వాలంటే ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు కావాలి. బీటా జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నీకు వాటిలో ఒకటి సరిగా పనిచేయడం లేదు. ఏ2 రకానికి బీటాతో పనిలేదు కాబట్టి దాని వాటా పెరుగుతుంది. మామూలుగా 3.5 శాతం లోపే ఉండేది నీకు 5.4 ఉంది. కాబట్టి నీది బీటా థలసీమియా మైనర్. ఇది జబ్బు కాదు, ముదిరి మేజర్‌గా మారదు. మేజర్ అంటే రెండు బీటా జన్యువులూ దెబ్బతిన్న అసలు జబ్బు. చదువుకో, ఆడుకో.

హిమోగ్లోబిన్ తక్కువనగానే ఐరన్ మాత్రలు మింగించడం మన ఇళ్లలో మామూలే. నీ ఫెర్రిటిన్ 48, ఐరన్ నిల్వలు బాగానే ఉన్నాయి. డాక్టరు చెబితే తప్ప ఆ మాత్రలు వద్దు.

ఇక నేను గట్టిగా చెప్పదలచింది పెళ్లి సంగతి. ఇప్పుడే ఎందుకంటారేమో, మన బంధువర్గంలో మేనరికాలు ఎక్కువ. నీలో ఉన్న జన్యువే మీ బావలోనూ ఉండొచ్చు. ఇద్దరూ మైనర్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోవడం తప్పు. మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తీసే మందులు రోజూ వాడాలి. ఆ పసివాళ్ల చేతుల్లో సూదికి నరం దొరకక వెతకడం నేను కళ్లారా చూశాను. జాతకాల కంటే ముందు ఇద్దరి రిపోర్టులూ చూడమని మీ అమ్మానాన్నలకు మీరే చెప్పండి. అవతలివాళ్ల గ్రాఫులో సికిల్ సెల్ అనే మరో రక్తజబ్బుకు సంబంధించిన ఎస్ రకం హిమోగ్లోబిన్ కనబడినా తేలిగ్గా తీసుకోవద్దు. అది, మనది కలిసినా బిడ్డకు కష్టమే.

చిన్నోడా, ఈ సెలవుల్లో నీకూ చేయిస్తారు. పరగడుపున వెళ్లక్కర్లేదు. ఫెర్రిటిన్ కూడా రాయించుకో. ఐరన్ బాగా తగ్గి ఉంటే ఏ2 తక్కువగా కనబడి అసలు సంగతి మరుగున పడొచ్చు. రిపోర్టు రాగానే గ్రాఫు పేజీతో సహా నాకు పంపు.

మీ అమ్మమ్మ