ఒంటి లోపలికి శబ్దంతో కరెంటు

పేస్‌మేకర్ పెట్టించుకున్నవారికి డాక్టర్లు ఒక సంగతి ముందే చెబుతారు. పదేళ్లు అటూ ఇటూగా బ్యాటరీ అయిపోతుంది, అప్పుడు మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు రావాలి. బ్యాటరీ ఒక్కటే మార్చే వీలు లేదు. టైటానియం డబ్బీని శాశ్వతంగా మూసేసి ఉంటారు కాబట్టి, పాత గాటు దగ్గరే మళ్లీ కోసి, డబ్బీ మొత్తం తీసి కొత్తది పెడతారు. ఆపరేషన్ చిన్నదే. కానీ డబ్బీ మార్చేటప్పుడు ఇన్‌ఫెక్షన్ ముప్పు మొదటిసారి కంటే ఎక్కువ. పార్కిన్సన్ జబ్బుకు మెదడుకు సన్నటి కరెంటు ఇచ్చే స్టిములేటర్లు ఇంకా ఎక్కువ కరెంటు తాగుతాయి. చార్జింగ్ సౌకర్యం లేని రకమైతే మూడు నుంచి ఐదేళ్లకే మార్చాల్సి రావచ్చు.

బయటి నుంచి చార్జ్ చేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ శరీరంలో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్‌లో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉండేది. చర్మం మీద తీగచుట్ట ఆనించి, అయస్కాంత ప్రేరణతో దాన్ని చార్జ్ చేసే ఏర్పాటు చేశారు. ఆ యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం 2001 వరకూ జీవించారు, ఆయనకు మొత్తం 26 పేస్‌మేకర్లు వాడాల్సి వచ్చింది. 1970లలో ఏళ్ల తరబడి నిలిచే లిథియం-అయొడిన్ బ్యాటరీలు రావడంతో పేస్‌మేకర్లలో చార్జింగ్ మాట వెనక్కి పోయింది.

మళ్లీ ఇప్పుడు ఆ మాట ఎందుకు వచ్చిందంటే, పరికరాలు బాగా చిన్నవైపోతున్నాయి. నరాన్ని అంటిపెట్టుకుని ఉండే మిల్లీమీటర్ల సైజు పరికరంలో బ్యాటరీకి చోటెక్కడ? తీగచుట్టల పద్ధతి చర్మం కిందే ఉండే, వినపడనివారికి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కు చక్కగా సరిపోతుంది. అదే చుట్టను మిల్లీమీటరుకు కుదించి పది సెంటీమీటర్ల లోతున పెడితే దానికి అందేది అత్యల్పం. పోనీ రేడియో తరంగాలు పంపుదామంటే, ఒంట్లోని ఉప్పునీరు వాటిని పీల్చేసి వేడిగా మార్చేస్తుంది.

ఉప్పునీటిలో రేడియో ఎంత నిస్సహాయమో విశాఖపట్నం వారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామి నీటి అడుగున చెవి ఒగ్గి విన్నది సోనార్‌తోనే. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్లే మరబోట్లలో చేపల గుంపును పసిగట్టే ఎకో సౌండర్ కూడా శబ్దాన్నే పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని లెక్కగడుతుంది. సముద్రంలో దూరం పోగలిగేది శబ్దమే. శరీరమూ ఎక్కువ భాగం ఉప్పునీరే కాబట్టి అక్కడా అదే సూత్రం పనిచేస్తుంది. నాకు ఈ విషయంలో అన్నింటికంటే అందంగా కనిపించేది ఇదే.

శబ్దం కరెంటుగా మారే చోటును కాస్త దగ్గరగా చూద్దాం. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి రెండు ముఖాల మధ్య వోల్టేజీ పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీన్నే పీజో విద్యుత్తు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పాల్ లాంజెవాన్ జలాంతర్గాములను పట్టడానికి క్వార్ట్జ్‌తో వాడింది ఈ గుణాన్నే. ఇలా ఒంట్లో అమర్చే పరికరంలో, అంటే ఇంప్లాంట్‌లో, సాధారణంగా పీజో సిరామిక్ బిళ్ల ఉంటుంది. సెకనుకు పది లక్షల కంపనాలతో, అంటే ఒక మెగాహెర్ట్జ్‌తో వచ్చే, చెవికి వినపడని శబ్దమైన అల్ట్రాసౌండ్‌కు అది గట్టిగా స్పందించాలంటే సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ఆ బిళ్ల కంపిస్తూ ఏసీ వోల్టేజీ ఇస్తుంది. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చి, కరెంటును కాసేపు దాచే కెపాసిటర్‌లోకో చిన్న బ్యాటరీలోకో పంపుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. స్కానింగ్‌లో అల్ట్రాసౌండ్ తీవ్రతకు అమెరికా నియంత్రణ సంస్థ పెట్టిన పరిమితి చదరపు సెంటీమీటరుకు 720 మిల్లీవాట్లు, అంటే చదరపు మిల్లీమీటరుకు 7.2. అంతటి తీవ్రత ఒక చదరపు మిల్లీమీటరు బిళ్ల మీద పడి, నూటికి ఒక్క వంతే కరెంటుగా మారినా 72 మైక్రోవాట్లు. పేస్‌మేకర్‌కు కావలసింది కొన్ని పదుల మైక్రోవాట్లకు మించదు.

అయితే ఆ శబ్దాన్ని అక్కడిదాకా చేర్చడమే అసలు పని. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర ఆరు సెంటీమీటర్ల మెత్తని కణజాలం దాటేసరికి శక్తిలో దాదాపు సగం పోతుంది. ఐదు మెగాహెర్ట్జ్‌కు పెంచితే అదే దూరంలో నూటికి మూడు వంతులే మిగులుతుంది. ఎముక ఇంకా ఎక్కువ మింగుతుంది. గాలి అయితే దారే ఇవ్వదు, కణజాలం నుంచి గాలిని తాకిన అల్ట్రాసౌండ్‌లో 99.9 శాతం వెనక్కి తిరుగుతుంది. స్కానింగ్‌లో పొట్ట మీద చల్లగా జెల్లు రాసేది ఈ గాలి పొరను తప్పించడానికే. గుండెకేమో ముందు పక్కటెముకలు, పక్కన గాలి నిండిన ఊపిరితిత్తులు. ఆ సందుల్లోంచే గురి చూడాలి. కణజాలంలో ఒక మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మిల్లీమీటరున్నర మాత్రమే, ఒక్క ఊపిరికి అంతకంటే ఎక్కువే జరిగే గుండెను వెంబడించాలి. పైగా ఇంప్లాంట్ ఉపరితలం ఒంటి వేడి కంటే 2 డిగ్రీలకు మించి వేడెక్కకూడదని ప్రమాణం.

ఇన్ని చిక్కులున్నా పని ముందుకు సాగింది. 2016లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 3 మిల్లీమీటర్ల పొడవున్న బ్యాటరీలేని సెన్సర్‌ను ఎలుక నరానికి అమర్చారు. అల్ట్రాసౌండ్ దానికి శక్తినివ్వడమే కాదు, తిరిగొచ్చే ప్రతిధ్వనిలో నరం సంకేతాలను కూడా మోసుకొచ్చింది. 2019లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు పీజో స్ఫటికం బదులు, కంపించినప్పుడు రాపిడితో విద్యుత్తు పుట్టించే పలుచని పొరను వాడి, నీటిలో బ్యాటరీని చార్జ్ చేసి, పంది కణజాలం గుండా కరెంటు పుట్టించి చూపారు. 2025 ఏప్రిల్‌లో ఈబీఆర్ సిస్టమ్స్ తయారుచేసిన వైజ్ పరికరానికి అమెరికాలో అనుమతి లభించింది. బియ్యపు గింజంత ఎలక్ట్రోడ్ గుండె ఎడమ జఠరికలో, అంటే ఎడమవైపు కింది గదిలో ఉంటుంది, దానికి వైరూ లేదు, బ్యాటరీ లేదు. పక్కటెముకల మధ్య అమర్చిన ట్రాన్స్‌మిటర్ పంపే అల్ట్రాసౌండ్‌నే అది గుండెను కొట్టించే విద్యుత్ పల్స్‌గా మారుస్తుంది. ట్రాన్స్‌మిటర్‌కు మాత్రం బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే మార్చాల్సిందే. అయినా ఎడమ జఠరికకు వైరు అక్కర్లేకపోవడం చిన్న మార్పు కాదు.

టార్పెడోల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న నావికా పరిశోధనశాల విశాఖలో ఉంది. వైద్య పరికరాల తయారీ కోసమే ఏర్పాటైన మెడ్‌టెక్ జోన్ కూడా ఇక్కడే ఉంది. నీటిలో శబ్దాన్ని గురిపెట్టడం తెలిసినవారు, ఇంప్లాంట్ల నాణ్యతను పరీక్షించడం తెలిసినవారు ఒకే ఊళ్లో ఉన్నారు. వీరు కలిసి పనిచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు అరకు నుంచీ శ్రీకాకుళం పల్లెల నుంచీ వచ్చే రోగులకు అమర్చే పరికరం ఎలా ఉండాలో ఆలోచించాల్సింది ఇక్కడివారే. అలాంటి రోగి ఇంట్లో కూర్చుని తనే అల్ట్రాసౌండ్ పంపే చార్జింగ్ ప్యాచ్‌ను ఒంటికి అంటించుకోవాలి. ఉక్కపోతకు చెమట పట్టినా అది ఊడకూడదు, జెల్లు ఎండిపోకూడదు, కరెంటు పోయినా ప్యాచ్ పనిచేయాలి. కాస్త పక్కకు జరిగితే ‘ఇంకొంచెం ఎడమకు’ అని పెద్ద వయసువారికి వినపడేలా అది తెలుగులో చెప్పాలి.