తగాలోగ్ పలకడం: మనవాళ్ళకున్న అపోహలు - వాస్తవాలు

ఎంబీబీఎస్‌కు ఫిలిప్పీన్స్ వెళ్ళే మన పిల్లలకు అక్కడి భాష తగాలోగ్ నేర్పుతుంటాను. మొదటి రోజు దాదాపు అందరూ 'టగలాగ్' అనే అంటారు. ఆ ఒక్క మాటతో జబ్బేంటో తెలిసిపోతుంది.

అపోహ: ఇంగ్లీషు అక్షరాలే కదా, ఇంగ్లీషు వస్తే చాలు.

అసలు అడ్డం ఇంగ్లీషే. వాళ్ళ టీ మన 'త', డీ మన 'ద', పీ, కే అచ్చం మన ప, క లాగే గాలి వదలకుండా పలుకుతాయి. అందుకే నోట్సు తెలుగు లిపిలో రాసుకోమంటాను. కాకపోతే ఒత్తులతో జాగ్రత్త. ముఖానికి వాళ్ళ మాట కూడా సంస్కృతం నుంచి వెళ్ళిందే, దాన్ని చూడగానే మనవాళ్ళు సంబరంగా 'ముఖ' అంటారు, కానీ వాళ్ళకు ఖ లేదు, 'ముక్-హా' అని విరిచి పలకాలి.

అపోహ: రాసినట్టే చదివితే సరిపోతుంది.

సగమే నిజం. 'గబీ' అంటే రాత్రి, 'గాబి' అంటే చామదుంప, రెండిటికీ స్పెల్లింగ్ ఒకటే. 'మగందాఙ్ గబీ' అంటే గుడ్ ఈవెనింగ్. దీర్ఘం ముందుకు జరిపి 'గాబి' అన్నారో, అందమైన చామదుంప అన్నట్టు. ఈ తేడాలు చూపడానికి నిఘంటువుల్లో అక్షరాల మీద పహిలిస్, పకుప్యా లాంటి గుర్తులు పెడతారు గానీ పేపర్లో, షాపు బోర్డు మీద అవి కనిపించవు.

దీర్ఘమైతే మనకు అలవాటే. మన లిపికి అందనిది ఇంకోటి ఉంది, మాట చివర గొంతు టక్కున మూసేయడం. 'అ, అ' అని రెండుసార్లు విడగొట్టి అనండి, మధ్యలో గొంతు పట్టేసినట్టుంటుందే, అదే. మనీలాలో ఓసారి వీధి చివర కొట్లో వెనిగర్ అడుగుదామని 'మై సూకా పో బా?' అన్నాను, చివర గొంతు ఆపకుండా. అలా అంటే వాంతి! ఆవిడకు అర్థమై సీసా అయితే ఇచ్చింది గానీ, చిల్లర లెక్కపెడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. (ఆ 'పో' మన 'అండి' లాంటిది, మర్యాదలో మాత్రం లోటు చేయలేదు.)

అపోహ: మాట మొదట్లో ఎన్, జీ కలిసొస్తే మనకు నోరు తిరగదు.

1987 నుంచి వాడుతున్న 28 అక్షరాల్లో ఆ జంట ఒకే అక్షరం. మన 'ఙ' అదే, వర్ణమాలలో బట్టీ పట్టి వదిలేశాం అంతే. 'రంగు' అంటూ 'గు' రాకముందే ఆగండి, నోట్లో మిగిలింది ఆ శబ్దమే. దానికి 'ఇతీ' తగిలిస్తే 'ఙితీ', అంటే చిరునవ్వు. బహువచనం మాటను ఎం, జీ, ఏ అని మూడక్షరాలతో రాస్తారు, చదవడం మాత్రం 'మఙా'.

అపోహ: మాట మధ్యలో చిన్న గీత అలంకారం.

గీత పెట్టి 'మగ్-అలీస్' అంటే తీసేయడం. గీత లేకపోతే గజ్జి పట్టిన అని అర్థం.

అపోహ: ఫిలిప్పీన్స్‌లో ఎక్కడికెళ్ళినా ఇంటి భాష తగాలోగే.

దక్షిణాన ఉన్న దావావ్ నగరానికి వెళ్ళేవాళ్ళు వినండి. అక్కడ తగాలోగ్ అర్థమవుతుంది, కానీ బజార్లో, జీప్నీలో (అక్కడి షేర్ బండి) మీ చెవిన ఎక్కువగా పడేది బిసాయా అనే ఇంకో భాష. గుడ్ ఈవెనింగ్ కూడా వేరే, 'మఆయోఙ్ గబిఇ'.